నలభై ఏడో నిమిషంలో వినిపించిన గొంతు

ముప్పై నాలుగేళ్లు ఫ్లైట్ డిస్పాచర్‌గా పనిచేశాను. ఆ పేరు వినగానే చాలామంది సామాన్లు పంపే పని అనుకుంటారు. మా చుట్టాల్లో సగం మంది ఇప్పటికీ అదే అనుకుంటున్నారు. విమానం ఏ దారిన పోవాలి, ఎంత ఎత్తున పోవాలి, ఎంతసేపు పడుతుంది, ఎంత ఇంధనం పోయాలి, దిగాల్సిన చోట దిగలేకపోతే ఎటు పోవాలి, ఇదంతా నేల మీద కూర్చుని లెక్కగట్టేవాడు డిస్పాచర్. ఆ లెక్క కాగితం మీద కెప్టెన్ సంతకం పక్కన నా సంతకం ఉంటుంది. విమానం గాలిలో ఉన్నంతసేపూ నా మనసూ అందులోనే ఉండేది.

నేను ముంబయి పక్కన భివండీలో మగ్గాల చప్పుడు మధ్య పుట్టినవాణ్ని. మా నాయిన సిరిసిల్ల వైపు నుంచి వచ్చి గైబీ నగర్‌లో పవర్‌లూమ్ నడిపాడు. ఉద్యోగం కోసం ముంబయిలో చాలా ఏళ్లు ఉండి, రిటైరయ్యాక మళ్లీ ఇక్కడికే వచ్చి వరాలా తలావ్ చెరువు దగ్గర ఇల్లు తీసుకున్నాను. సాయంత్రం తలావ్ చుట్టూ నడిచేటప్పుడు కలిసే మనవాళ్ల పిల్లలు ఇద్దరు ఈ కోర్సు చదువుతున్నారు. పరీక్షలో అడిగేవి వాళ్లకు నాకంటే బాగా తెలుసు. పరీక్షలో రానివి కొన్ని ఉన్నాయి. అవి రాస్తున్నాను.

దూరం ఎవరికి?

నా మొదటి బాస్ మంగళూరు మనిషి. పనిలో చేరిన రోజు రెండు ఊర్ల పేర్లు చెప్పి, మధ్య దూరమెంత అని అడిగాడు. పటం మీద స్కేలు పెట్టి కొలిచి చెప్పాను. "ఎవరికి?" అన్నాడు. నాకు అర్థం కాలేదు. "పక్షికా, పైలట్‌కా, ప్యాసింజర్‌కా?" అన్నాడు.

పక్షి సూటిగా పోతుంది. పైలట్ సూటిగా పోలేడు, పెద్ద విమానాశ్రయాల రద్దీని తప్పించుకుంటూ గీసిన దారిలో వంగి పోవాలి. ప్యాసింజర్‌కు దూరంతో పనిలేదు, టికెట్ మీద రాసిన సమయమే వాడి లెక్క. ఆ సమయం తలుపు మూసిన దగ్గర నుంచి తలుపు తీసేదాకా. అందులో కొంతసేపు విమానం నేల మీదే పాకుతూ ఉంటుంది. ఒకే రెండు ఊర్ల మధ్య ఇట్లా మూడు రకాల జవాబులు ఉంటాయి. ఏ జవాబు ఏ ప్రశ్నకు సరిపోతుందో తెలియనివాడు ఈ కుర్చీలో కూర్చోకూడదని ఆయన అన్నాడు. ఆయన కోపిష్ఠి, తిట్టేటప్పుడు ఎదుటివాడి వయసు చూసేవాడు కాదు. కానీ నేను చూసినవాళ్లలో అంత మంచి గురువు ఇంకొకరు లేరు.

రెండో పాఠం నా తప్పే నేర్పింది. రన్‌వే మీద దీపాలు లేని చిన్న విమానాశ్రయాలు ఉంటాయి. అక్కడ పొద్దు గుంకేలోపు దిగి తీరాలి. ఒకసారి తూర్పున ఉన్న అట్లాంటి ఊరికి లెక్క వేస్తూ, నేను కూర్చున్న ముంబయిలో పొద్దు గుంకే సమయం చూసి వేశాను. తూర్పున పొద్దు ముందే గుంకుతుంది. ఆ కెప్టెన్ చివరి వెలుగులో నాలుగు నిమిషాల తేడాతో దిగాడు. ఎవరికీ ఫిర్యాదు చేయలేదు. నాతో మాత్రం ఆ తర్వాత ఎన్నడూ మాట్లాడలేదు.

రేడియోలో ఒక మనిషి

ఇప్పుడు చెప్పబోయేది నేను రిటైరవడానికి ముందు ఏడాది జరిగింది. అప్పుడు ఒక చిన్న కంపెనీలో ఉన్నాను. రెక్కల మీద పంకాలు తిరిగే చిన్న విమానాలు, డెబ్బై లోపు సీట్లు. దక్షిణాన ఒక చిన్న ఊరు, ఉత్తరాన ఇంకో చిన్న ఊరు. ఊర్ల పేర్లతో పని లేదు. రెంటి మధ్య సూటి దూరం ఐదు వందల ఐదు కిలోమీటర్లు. మా దారి వంకర తిరిగి ఐదు వందల నలభై ఎనిమిది. టికెట్ మీద గంటా ముప్పై ఐదు నిమిషాలు. నిజంగా గాలిలో ఉండేది గంటా పద్నాలుగు నిమిషాలు, అంటే డెబ్బై నాలుగు. ఒక్క విమానమే మధ్యాహ్నం ఒంటిగంట దాటాక ఉత్తరానికి పోయి, మూడు కావస్తుండగా వెనక్కి బయల్దేరేది.

ఆ విమానం ఎక్కువగా నడిపింది కెప్టెన్ అనిత. నలభై ఏళ్లుంటాయి, కేరళ ఆమె. అనవసరంగా ఒక్క మాట మాట్లాడదు. ఒకరోజు దిగాక ఫోన్ చేసి, దారిలో రేడియోలో ఎవరో ఆడమనిషి మాట్లాడిందని చెప్పింది. బయల్దేరిన నలభై ఏడో నిమిషంలో మొదలై రెండు మూడు నిమిషాల్లో ఆగిపోయిందట. అది కంట్రోల్ టవర్ గొంతు కాదు, ఇంకో విమానంలో వాళ్లదీ కాదు. నేను రాసుకున్నాను.

మర్నాడూ అదే నిమిషానికి వినిపించింది. ఆ మర్నాడు కూడా.

రేడియోలో అడ్డు గొంతులు కొత్త కాదు. ఎవడో అనుమతి లేకుండా చిన్న ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్ పెట్టుకుంటాడు. అది నాసిరకంది అయితే దాని అల కొంత మా బ్యాండ్‌లోకి కారుతుంది. సినిమా పాటలు, పెళ్లి బాజాలు, రాజకీయ ప్రసంగాలు అన్నీ విన్నాం. అట్లాంటివి వస్తే ఫారం నింపి పైకి పంపాలి. నింపి పంపాను. మా డ్యూటీ మేనేజర్ చూసి, మన పని అయిపోయింది, ఇక వాళ్లు చూసుకుంటారన్నాడు. ఆ మాట తప్పు కాదు. కానీ ఫారంలో 'ఏ భాష' అన్న గడి ఉంది. కెప్టెన్ తెలియదన్నది. నేను 'తెలియదు' అని రాసి ఊరుకున్నాను. ఎనిమిది రోజులు అదే రాశాను.

తొమ్మిదో రోజు కో‌పైలట్ నా గదికి వచ్చాడు. చిన్నవాడు, పంజాబీ. కూర్చోమన్నా కూర్చోలేదు. ఆ గొంతు పాటలాగా లేదనీ, ప్రసంగంలాగా లేదనీ, చెవి దగ్గర నోరు పెట్టి ఒక్కరితోనే చెబుతున్నట్టు ఉందనీ అన్నాడు. మాటకూ మాటకూ మధ్య ఆగుతుందట, జవాబు కోసం ఎదురుచూసినట్టు. ఒకరోజు ఉండబట్టలేక, ఎవరు మాట్లాడుతున్నారని తాను రేడియోలో అడిగాడట. ఆ గొంతు చాలాసేపు ఆగి, మళ్లీ మొదలైందట.

"సార్, ఆమె మమ్మల్నే అడుగుతున్నట్టుంది," అన్నాడు.

హెడ్‌సెట్‌కు ఫోన్ ఆనించి ఆరోజు రికార్డు చేశాడు. నిబంధనల ప్రకారం అట్లా చేయకూడదు. నేను దాని మీద ఏ రిపోర్టూ రాయలేదు. అతను రికార్డు చేయకుంటే ఏమయ్యేదో తర్వాత తెలిసింది.

ఫోన్ నా టేబుల్ మీద పెట్టి వినిపించాడు. మొదట గరగర. దాని వెనక దూరంగా, విరామం లేకుండా టకటకమని ఒక చప్పుడు. అది విమానం చప్పుడని అతను అనుకున్నాడు. నాకు మాత్రం తెలిసిపోయింది. తల్లి కడుపులో ఉన్నప్పటి నుంచి విన్న చప్పుడది, మగ్గాలది. ఆ తర్వాత గొంతు వచ్చింది. మా అమ్మ మాట్లాడిన తెలుగు.

"వింటున్నవా తండ్రీ? పోయిన వారం ఒక్క వేలు పట్టింది. మొన్న రెండు వేళ్లు పట్టినయి. ఇయ్యాల మూడు పడుతున్నయి. నేను ఎవలికి చెప్పాలె?"

కొంతసేపు ఏమీ లేదు, మగ్గాల చప్పుడే. తర్వాత, "నీకే చెప్తున్న."

కో‌పైలట్ అర్థం అడిగాడు. మొదటి మాట 'వింటున్నావా' అని చెప్పాను. అతను మెల్లగా కుర్చీలో కూర్చున్నాడు.

కొండల్లో ఒక మధ్యాహ్నం

మూడు వేళ్లు దేనిలో పడుతున్నాయి? ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మగ్గాలు ఆడే ఇంట్లో పెరిగినవాడికి ఆ సంగతి తెలియడానికి నిజానికి అంతసేపు పట్టకూడదు. మగ్గం ఆడితే నేల అదురుతుంది, నేల అదిరితే గోడ అదురుతుంది. పగులులో వేలు పెట్టి చూసేది మా ఇంట్లోనూ ఉండేది. ఆమె గోడ పగులు కొలుస్తున్నది. అది రోజురోజుకూ తెరుచుకుంటున్నది.

ఎక్కడుందో కనుక్కోవాలి. గొంతు రెండు మూడు నిమిషాలే వినబడుతున్నదంటే విమానం దాదాపు నెత్తి మీద ఉన్నప్పుడే అందుతున్నది. నలభై ఏడు నిమిషాల్లో విమానం ఎంత దూరం పోతుందో నాకు తెలుసు. ఎక్కేటప్పుడు నెమ్మది, ఆ తర్వాత నిమిషానికి ఎనిమిది కిలోమీటర్లు. మా దారి మీద కొలిచి చుక్క పెట్టాను. చుక్క వాడా అనే ఊరు దాటాక కొండల్లో పడింది. అక్కడ మగ్గాలేంటి అనిపించింది. కానీ ఎవరైనా ఊరవతల కార్ఖానా పెట్టుకుని ఉండవచ్చు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. లెక్క చెప్పిందానికి బుద్ధి ఎదురు చెబుతుంటే లెక్క మళ్లీ చూడాలి. నేను చూడలేదు. సెలవు పెట్టి, బండి మాట్లాడుకుని, చిన్న రేడియో జేబులో వేసుకుని పోయాను.

మూసేసిన రాతి క్వారీ ఒకటి ఉందక్కడ. రేకుల షెడ్డు కూలి ఉంది. కరెంటు స్తంభాలు ఉన్నాయి గానీ తీగలు లేవు. గాలి కూడా ఆడటం లేదు. ఒంటిగంటా యాభై ఏడుకు మా విమానం నెత్తి మీద ఉండాలి. ఆ సమయానికి చేతిలో రేడియో పెట్టుకుని మీట తిప్పుతూ నిలబడ్డాను. గరగర తప్ప ఏమీ లేదు. విమానం మాత్రం నేను అనుకున్నదానికంటే ఐదు నిమిషాలు ఆలస్యంగా వచ్చి, నా మీదుగా పోయింది. ఆ ఐదు నిమిషాలు ఎక్కడివో అప్పుడు తట్టలేదు. మేకల వెనక వచ్చిన ఒక ముసలాయనను ఇక్కడ ఎవరైనా ఉంటారా అని మరాఠీలో అడిగాను. ఇక్కడ మాట్లాడేవాళ్లు ఎవరూ లేరన్నాడు. 'ఉండేవాళ్లు' అనకుండా 'మాట్లాడేవాళ్లు' అని ఎందుకన్నాడో నాకు తెలియదు. నేను గొంతు సంగతి ఆయనతో చెప్పలేదు.

అక్కడి నుంచే కెప్టెన్ అనితకు ఫోన్ చేశాను. తిరుగు ప్రయాణంలో ఆ గొంతు ఎన్నో నిమిషానికి వస్తుందని అడిగాను. ముప్పై ఏడు అన్నది. క్వారీ రాయి మీద కూర్చుని కాగితం మీద కూడిక వేశాను. పోయేటప్పుడు నలభై ఏడు, వచ్చేటప్పుడు ముప్పై ఏడు. కలిపితే ఎనభై నాలుగు. మొత్తం గాలిలో ఉండేదే డెబ్బై నాలుగు నిమిషాలు. పది నిమిషాలు ఎక్కువ వచ్చాయి. లేని పది నిమిషాలు ఎక్కడివి?

గడియారం ఎప్పటి నుంచి చూస్తారని అడిగాను. బ్రేకులు వదిలిన క్షణం నుంచి అన్నది. అంటే రన్‌వే దాకా నేల మీద పాకే ఐదు నిమిషాలు కూడా అందులోనే ఉన్నాయి. పోయేటప్పుడు ఐదు, వచ్చేటప్పుడు ఐదు. మొదటి రోజు నా మొదటి బాస్ నేర్పిన పాఠాన్నే ముప్పై మూడేళ్ల తర్వాత తప్పాను. ప్యాసింజర్ లెక్కను పైలట్ లెక్క అనుకున్నాను. ఐదు నిమిషాలంటే నలభై కిలోమీటర్లు. చుక్కను నలభై కిలోమీటర్లు వెనక్కి జరిపాను. అది భివండీ మీద పడింది.

ఆ ఒక్క రోజు వృథా అయిందన్నది ఇప్పటికీ నన్ను వదలదు. ఆరోజే గోడ పడి ఉంటే ఇది రాయడానికి నాకు చేయి ఆడేది కాదు.

గైబీ నగర్‌లో రేడియో

గైబీ నగర్‌లో మా చెల్లె భర్త లింగం మగ్గం నడుపుతాడు. మర్నాడు మధ్యాహ్నం ఇద్దరం రేడియో పట్టుకుని గల్లీల్లో తిరిగాం. ఎఫ్ఎం మీట మెల్లగా తిప్పుతుంటే రెండు స్టేషన్ల మధ్య ఖాళీలో ఆ గొంతు దొరికింది. లింగం చేయి నా భుజం మీద పడింది. వాడు భయస్తుడు కాదు.

ఒక గల్లీలోకి పోతే గొంతు సన్నబడేది. ఇంకో గల్లీలోకి తిరిగితే పెరిగేది. చుట్టూ మగ్గాల హోరు, పక్కవాడి మాట వినబడదు. అంత హోరులో నా చెవి దగ్గర ఆమె గుసగుసగా మాట్లాడుతూనే ఉంది. 'నాయినా', 'తండ్రీ', 'వింటున్నవా' అంటూ. ఒక మూడంతస్తుల బిల్డింగ్ ముందుకు వచ్చేసరికి గొంతు ఎంత దగ్గరయిందంటే, ఆమె మా వెనకే నిలబడి ఉందనిపించి ఇద్దరం తిరిగి చూశాం. ఎవరూ లేరు. డాబా మీద ఏరియల్ లాగా ఒక పొడుగాటి ఇనుప కడ్డీ కనబడింది.

కింద ఇరవై నాలుగు మగ్గాల కార్ఖానా. పైన రెండు అంతస్తుల్లో పదకొండు కుటుంబాలు, ఎక్కువమంది మనవాళ్లే. మొదటి అంతస్తులో వెనక వైపు ఖోలీ గదిలో ఒక పెద్దావిడ చేత మైకు పట్టుకుని చాప మీద కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి మైకు ఒళ్లో దాచుకున్నది. పేరు రూతమ్మ. భర్త పాస్టర్‌గా ఉండేవాడు, చనిపోయి రెండేళ్లు. మంచాన పడినవాళ్లు, మగ్గం వదిలి రాలేనివాళ్లు రేడియోలో ప్రార్థన వినాలని ఆయన బజార్లో ఆ చిన్న ట్రాన్స్‌మిటర్ మిషన్ కొని పెట్టాడట. ఆయన పోయాక వినేవాళ్లు లేరు. ఆమె మాత్రం అన్నం తిన్నాక మిషన్ ఆన్ చేసి చాయ్ వేళ దాకా కూర్చుంటుంది.

"ఎవలు వినరని నాకు ఎర్కనే తమ్మీ," అన్నది. "మైకు వట్టుకుంటె ఆయన పక్కన కూసున్నట్టు ఉంటది."

పగులు చూపించమన్నాను. గోడకు తగిలించిన గుడ్డ పక్కకు జరిపింది. నేల నుంచి పైకప్పు దాకా ఉంది. నాలుగు వేళ్లు పెట్టి చూపించింది. ఐదో వేలు పెడుతుంటే నేనే చేయి పట్టుకుని ఆపాను. పగులు లోపలి నుంచి కింది మగ్గాల వేడిగాలి నా ముఖానికి తగిలింది.

ఎవరికైనా చెప్పావా అక్కా అని అడిగాను. బిల్డింగ్ యజమాని సేట్‌కు చెప్పిందట. ఆయన మనిషిని పంపి సిమెంటు పూయించాడు. వారానికే మళ్లీ విచ్చుకుంది. మళ్లీ చెబితే, నువ్వు ఇట్లా అందరికీ చెప్పుకుంటూ తిరిగితే మున్సిపాలిటీ వాళ్లు వచ్చి ఖాళీ చేయిస్తారు, పదకొండు కుటుంబాలు రోడ్డు మీద పడతాయి, ఆ పాపం నీదే అన్నాడట. పక్కింటి వాళ్లకు చెబితే గా పగులు ఎప్పటిదో అన్నారట.

"ఇగ గాయిననే అడుగుతున్న," అని పైకి చూసింది.

ఖాళీ చేయించడం అనుకున్నంత తేలిక కాలేదు. లింగం కింద మగ్గాలు ఆపించాడు. అందరినీ గల్లీలోకి పిలిచాం. ఒకాయన, వాన కాలం ప్రతిసారీ ఎవడో ఒకడు వచ్చి ఇట్లాగే భయపెడతాడన్నాడు. ఇంకొకాయన, కిరాయి తక్కువకు దొరికే ఇల్లు నువ్వు చూపిస్తవా అని అడిగాడు. నేను చెప్పిన లెక్కలు, నిమిషాలు, కిలోమీటర్లు ఎవరి చెవికీ ఎక్కలేదు. చివరికి జేబులోంచి ఫోన్ తీసి కో‌పైలట్ చేసి నాకు పంపిన రికార్డు పెట్టాను. ఇది నేల మీద చేసింది కాదు, ఐదు కిలోమీటర్ల ఎత్తున పోతున్న విమానంలో వినిపించిందని మాత్రం చెప్పాను.

మగ్గాలు ఆగి ఉన్నాయి కాబట్టి గల్లీ అంతా వినబడింది. ఒక్క వేలు, రెండు వేళ్లు, మూడు వేళ్లు. అందరూ రూతమ్మ వైపు చూశారు. ఆమె నోరు కదలడం లేదు, గొంతు ఆమెదే. పిల్లను ఎత్తుకున్న ఒకామె లోపలికి పోయి సంచి, పిల్ల దుప్పట్లు తెచ్చుకున్నది. ఆమె వెనక ఇంకొకరు. పొద్దు గుంకేసరికి బిల్డింగ్ ఖాళీ అయింది. కొందరు చుట్టాలిళ్లకు, కొందరు దగ్గరి స్కూలు గదుల్లోకి పోయారు. మర్నాడు పొద్దున మున్సిపాలిటీ ఇంజినీరు వచ్చి చూసి, కరెంటు తీయించి, తలుపుకు నోటీసు అంటించాడు. మా డ్యూటీ మేనేజర్‌కు ఆ ఆఫీసులో తెలిసినవాళ్లు ఉన్నారు, నేను అడగకుండానే ఆయన ఫోన్ చేశాడని తర్వాత తెలిసింది. ఫారం పంపేసి ఊరుకునే మనిషని నేను వేసిన అంచనా సగమే నిజం.

బియ్యం పోస్తున్న చప్పుడు

ఆరోజు నేను మళ్లీ డ్యూటీలో కూర్చున్నాను. మధ్యాహ్నం రెండూ నలభైకి కెప్టెన్ అనిత ఉత్తరాన దిగి ఫోన్ చేసింది.

"ఇవాళ కూడా ఉంది," అన్నది.

కరెంటు తీసేశారు, బిల్డింగ్‌లో ఎవరూ లేరు, అట్లా కుదరదన్నాను. గొంతు లేదన్నది. అదే నిమిషానికి మొదలైంది గానీ మనిషి మాట లేదు, మగ్గాల చప్పుడు కూడా లేదట. ఎవరో చేటలోంచి బియ్యం కొంచెం కొంచెంగా పోస్తున్నట్టు ఒక చప్పుడు. ఆగుతుంది, మళ్లీ పోస్తుంది. మధ్య మధ్య ఎవరో వేళ్లు విరుచుకున్నట్టు టక్కుమంటుంది. ఎవరూ లేని గదిలో ఎవరో ఉన్నట్టు ఉందనీ, తనకు నచ్చలేదనీ అన్నది. 'నచ్చలేదు' అనే మాట ఆమె నోట నేను విన్నది అదొక్కసారే.

హడావుడిగా బయటికి వచ్చేటప్పుడు రూతమ్మ మిషన్ ఆఫ్ చేయలేదు. అది ఇన్వర్టర్ బ్యాటరీ మీద నడుస్తుంది. చాప మీద పడి ఉన్న మైకు ఆ గదిని విమానానికి వినిపిస్తున్నది. పోస్తున్నది బియ్యం కాదు, గోడ లోపలి నుంచి రాలుతున్న ఇసుక.

లింగానికి ఫోన్ చేశాను. మొదటిసారి ఎత్తలేదు. రెండోసారి ఎత్తాడు. వెనక ఇనుము మీద సుత్తి మోగుతున్నది. నూలు చుట్టిన బీములు పాడైపోతాయని వెనక తలుపు తీసి ఆరుగురు లోపలికి పోయారట. ఆ ఆరుగురిలో వాడూ ఉన్నాడు.

"బావా, గిదొక్కటి ఊడగొట్టి వస్తం," అన్నాడు.

"లింగం, గోడ రాలుతున్నది. విమానంల వినబడుతున్నది. సుత్తి ఆడ్నే పడేసి బయటికి రా."

సుత్తి చప్పుడు ఆగింది. ఆ ఖాళీలో వాడికీ వినబడిందని తర్వాత చెప్పాడు, నెత్తి మీద ఎవరో చీపురుతో ఊడుస్తున్నట్టు. ఆరుగురూ వచ్చేశారు. లింగం గల్లీ మొదలు దాకా జనాన్ని జరిపించాడు. ఎవరినీ అటు పోనీయలేదు.

మూడూ ముప్పై రెండుకు మా విమానం తిరుగు దారిలో భివండీ మీద ఉండాలి. కెప్టెన్ అనిత, కో‌పైలట్ ఆ నిమిషం కోసం ఎదురుచూశారట. బియ్యం చప్పుడు మొదలైంది, ఈసారి ఆగకుండా. తర్వాత ఒక పెద్ద ఊపిరి పీల్చుకున్నట్టు వినిపించి, మధ్యలో తెగిపోయింది. అదే నిమిషానికి లింగం ఫోన్ వచ్చింది. వాడు ఏం చెప్పాడో నాకు అర్థం కాలేదు, దగ్గు, అరుపులు. బిల్డింగ్ కూర్చున్నట్టుగా కిందికి దిగిపోయిందట. మనిషి మాత్రం ఒక్కరూ పోలేదు. ఇరవై నాలుగు మగ్గాలు, పదకొండు ఇళ్ల సామాన్లు పోయాయి. కిరాయి సంగతి అడిగినాయనకు ఇల్లు దొరకడానికి నాలుగు నెలలు పట్టింది. అదీ ఇందులో భాగమే కాబట్టి రాస్తున్నాను.

చప్పుడు తెగిపోగానే కిటికీలోంచి కిందికి చూశానని కెప్టెన్ అనిత చెప్పింది. అక్కడి నుంచి ఊరు మామూలుగానే కనిపించిందట.

ఆమె వచ్చిన రోజు

కొత్తవాళ్లకు చెప్పాల్సింది చెప్పేశాను. నిమిషం ఎక్కడి నుంచి లెక్కపెట్టారో అడగండి. 'తెలియదు' అని రాసే ముందు ఒక్కసారి వినండి. లెక్కకూ బుద్ధికీ పొసగకపోతే లెక్కను అనుమానించండి, నేనట్లా చేయలేదు. మీ కింద పనిచేసే కుర్రవాడు నిబంధన దాటి ఏదైనా తెస్తే, ముందు అదేంటో చూడండి.

రెండు నెలల తర్వాత కెప్టెన్ అనిత ఆ మనిషిని చూడాలన్నది. రూతమ్మ అప్పటికి వరాలా తలావ్ పక్కన తన చెల్లెలి ఇంట్లో ఉంటున్నది. ఒక ఆదివారం తీసుకుపోయాను. ఆమె ఎవరో తనకు ముందుగా చూపించవద్దని కెప్టెన్ దారిలో అడిగింది. ఎందుకని నేను అడగలేదు.

ఇంట్లో ప్రార్థనకు వచ్చిన ఆడవాళ్లు ఐదారుగురు చాప మీద కూర్చుని ఉన్నారు. అందరూ రూతమ్మ వయసువాళ్లే, అందరివీ తెల్లచీరలే. కెప్టెన్ ఒక్కొక్కరి ముఖం చూసింది. ఎవరూ ఏమీ మాట్లాడలేదు, పెద్దింటి మనిషి వచ్చిందని మొహమాట పడ్డారు. కెప్టెన్ కూడా ఏం మాట్లాడాలో తెలియక కుర్చీ అంచున కూర్చున్నది. అప్పుడు లోపల వంటగదిలోంచి, స్టవ్ చప్పుడు వెనక నుంచి, ఒక గొంతు వచ్చింది.

"చాయ్ల శక్కెర ఎంతెయ్యాలె బిడ్డా?"

కెప్టెన్ అనితకు తెలుగు రాదు. చేతిలో సంచి కింద పెట్టి లేచి నిలబడింది.